పీపీ నంబరులో మా చెల్లి

మా ఇంటి మేడగదిలో అద్దెకుంటున్న రావికమతం అమ్మాయి, ఇక్కడ గ్లాస్గోలో చదువుకోవడానికి వచ్చిన పిల్ల, మొన్న పొద్దున్న మా వంటింట్లో నిలబడే వాళ్ల పెద్దనాన్న అంత్యక్రియలన్నీ ఫోనులో చూసింది. అటు ఫోను పట్టుకున్న బంధువెవరో శవం ముఖం మీదికి దాన్ని వంచి, "కనిపిస్తందా అమ్మా, ఇంకాస్త దగ్గరగా పెట్టమంటావా?" అని అడుగుతుంటే ఆ పిల్ల ఏడుస్తూనే తలూపింది. మా వారు పాపం అన్నారు. నేను టీ కలుపుతూ, అదృష్టవంతురాలు అనుకున్నాను. నా మనసు ఎంత పాడుదో చూడండి.

మన ఈడు వాళ్లకు పీపీ నంబరంటే వివరించనక్కర్లేదు. మనింట్లో ఫోను లేకపోతే, ఉన్నవాళ్ల నంబరు మనదిగా చెప్పుకుని, వాళ్లు పిలిస్తే తడి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తేవాళ్లం కదా. చోడవరంలో మాకు ఆ దిక్కు మా వీధి చివర బెల్లం వ్యాపారి గారిల్లు. నర్సు చదువు పూర్తిచేసి, పై చదువుకని నేనీ దేశం వచ్చిన ఏడాది, ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసే వేళ చూసి నేను ఆ నంబరుకు చేసేదాన్ని. మా వాళ్లంతా పండగ బట్టల్లోనే ఆయన వరండాలో బల్ల మీద వరసగా కూర్చుని నా పిలుపు కోసం కాచుకునేవారు. నాన్న బడిపంతులు కనుక ముందు మార్కులు అడిగేవారు, అమ్మ తిండి అడిగేది, చివరికి చెల్లి వచ్చేది. మిగతా అందరితో మాట్లాడేది చెల్లి వచ్చేదాకా గడపడానికే. మేమిద్దరం అనకాపల్లిలో ఒకే ఆసుపత్రిలో పనిచేస్తూ ఒకే గదిలో ఉండాలని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాం. నేను వెనక్కి వస్తాననడానికి ఉన్న ఆధారమంతా ఆ ఒట్టే.

ఇక్కడి మొదటి చలికాలం నన్ను బాగా నలిపింది. చలి సరే, అది అందరికీ ఉన్నదే. నేను మంచం దగ్గరికి వెళితే, ఆ చెయ్యి నా మీద వెయ్యొద్దు, తెల్లమ్మాయిని పిలవమనే ముసలమ్మలు ఉండేవారు. ఆ సంగతి అమ్మానాన్నలకు చెప్పలేదు. చెల్లికి చెప్పాను. ఇక నావల్ల కాదే, పరీక్షలు వద్దు ఏమీ వద్దు, వచ్చేస్తానన్నాను. మా చెల్లికి మాటకు ముందు చిన్నగా నవ్వడం అలవాటు. అలాగే నవ్వి, "రాకక్కా. ఇక్కడికొచ్చి ఏటి సేస్తావు? నాకోసమైనా అక్కడే ఉండు" అంది. గొంతు తేడాగా ఉందేమే అంటే లైను బాగులేదంది. అమ్మ ఆ రోజుల్లో ఫోను దగ్గరికి రావడం మానేసింది. గొంతు పట్టేసిందని చెప్పారు. ఒక మనిషికి చలికాలమంతా గొంతు పట్టేసి ఉంటుందా అని నర్సునై ఉండి కూడా నేను అడగలేదు.

పరీక్షలు రాశాను. ఫలితం వచ్చిన ఆదివారం ఫోను నాన్నే ఎత్తి, "పాసయ్యేవా అమ్మా?" అన్నారు. పాసయ్యాను నాన్నా అన్నాను. దేవునికి స్తోత్రమని, ఆ ఊపిరిలోనే, "సెల్లి లేదమ్మా. మెదడువాపు జొరం. మొన్న మంగళవారం పోయింది" అన్నారు. వరసగా ఆ రెండు మాటలూ. ఈ వయసులో తలుచుకున్నా ఆ మొదటి ప్రశ్న మీదే నాకు ఒళ్లు మండుతుంది.

నేను వెళ్లలేదు. ఎవరి కోసం వెళ్లాలి? నా కోసమైనా అక్కడే ఉండమని చెల్లి చెప్పిన మాటను చివరి కోరికగా నెత్తిన పెట్టుకుని ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే పెళ్లి, ఇక్కడే పిల్లలు, చివరికి ఈ దేశపు పాస్‌పోర్టు కూడా తీసుకున్నాను. మధ్యలో ఊరు వెళ్లినప్పుడల్లా సమాధి దగ్గర మట్టి దిబ్బ, పేరు మాత్రం రాసిన కర్ర శిలువ ఉండేవి. నాన్న పోయాక అమ్మ ఇద్దరికీ రాళ్లు వేయించింది. రాయి చెక్కేవాడికి చర్చివారు ఇచ్చిన తేదీ సరైన తేదీ. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధుల మీద పూలు చల్లుతుంటే నేను ఆ రాయి చదివాను. నేను వచ్చేస్తానని ఏడ్చిన ఆదివారానికి ఎంతో ముందే మా చెల్లి మట్టిలో ఉంది.

అమ్మను నిలదీస్తే అంతా చెప్పింది. ఫోనులో మాట్లాడింది మా మేనత్త కూతురు, నా మరదలు. గుంటకి పరీక్షలున్నాయి, ఇప్పుడు సెప్పకండి అన్నది మేనత్త. మన వైపు దూరాన చదువుకునే పిల్లల దగ్గర చావు దాచడం ప్రేమే కదా, అది తప్పని ఎవరికీ తట్టదు. పాస్టరుగారు కూడా ప్రార్థన చేసి సరేనన్నారట. బెల్లం వ్యాపారి గారింటికి తెలుసు, వీధి వీధంతటికీ తెలుసు. నన్ను వదినా అని పిలవాల్సిన నోటితో అది అక్కా అని పిలిచింది, ఆ నవ్వు కూడా నవ్వింది. అబద్ధం ఆడలేక అమ్మ ఇంట్లో కూర్చుంది.

ఆ రోజే మరదలి ఇంటికి వెళ్లి, రావద్దని నాతో చెప్పమన్నదెవరని అడిగాను. అది పప్పులో రాళ్లేరుతూ, తలెత్తకుండా చెప్పింది. "బాగున్నాననే సెప్పమన్నాడు మావయ్య. రావొద్దని ఎవలూ సెప్పమనలేదు వదినా. నువ్వొచ్చేస్తే అందరూ నన్నే తిడతారని బయమేసింది. అయినా బాగానే ఉన్నావు కదా."

బాగానే ఉన్నాను. దాన్ని నేను క్షమించలేదు, అడిగితే నాన్ననూ క్షమించలేదు. ఇప్పుడు ఫోనులో ముఖాలు కనిపిస్తాయి, ఊపిరి ఆగిన నిమిషంలోనే కబురు సముద్రాలు దాటుతుంది, ఒకరి గొంతుతో మరొకరు మాట్లాడి నెగ్గడం ఇక కుదరదు. మంచిదే. అయినా, ఊళ్లో అందరికీ చచ్చిపోయిన మా చెల్లి ఆ ఒక్క చలికాలం నా ఒక్కదానికే బతికి ఉంది, ప్రతి ఆదివారం నేను సంతోషంగానే ఫోను పెట్టేశాను. ఆ ఆదివారాలు దొంగవని తెలిసిపోయిన తరువాత కూడా వాటిని పారేయడానికి నాకు చేతులు రావడం లేదు.

అమ్మా, నువ్వు ఈ దేశంలో ఎందుకు ఉండిపోయావని మా పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు. మీ పిన్ని ఉండమంది అని చెబుతాను. వాళ్లు నమ్ముతారు.