ఎత్తి తాగిన పచ్చ టీ

నిన్న మా అమ్మాయి జపాన్ టీ పొడి డబ్బా మూత తీయగానే వంటింట్లో పచ్చి గోరింటాకు వాసన గుప్పుమంది. ఆ వాసనతోపాటే మోరి సాన్ గుర్తొచ్చారు. సాన్ అంటే మన ‘గారు’ లాంటిది. కంప్యూటర్ చదువు ఉంటే చాలు, సింగపూర్ పిలిచి ఉద్యోగం ఇచ్చిన రోజుల్లో చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆవిడ నా బాస్.

నాకప్పుడు పని వచ్చు, నోరు కట్టేసుకోవడం రాదు. ప్రోగ్రాం ఆగిపోయిందని క్లయింట్ ఫోన్ చేస్తే, తప్పు మీదేనని అరిచేదాన్ని. “ఇంకొక్క ఫిర్యాదు వస్తే నీ కాంట్రాక్టు పొడిగించలేను,” అన్నారు మోరి సాన్ నెమ్మదిగా. కాంట్రాక్టు పోతే అక్కడ ఉండనిచ్చే వర్క్ పాస్ పోతుంది, పెట్టె సర్దుకోవాల్సిందే. అంతలోనే, “శనివారం మా ఇంటికి టీకి రా,” అన్నారు. ఇంట్లో కూర్చోబెట్టి తిడతారు కాబోలు అనుకున్నాను.

తంజోంగ్ పగార్‌లో ఆవిడ ఫ్లాట్. చాపల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాం. ఒక గరిటెడు నీళ్లు పోయడానికి ఆవిడ తీసుకున్న సమయంలో మా ఇంట్లో అందరి కాఫీలూ అయిపోయేవి. మొదట చిరాకేసింది. కాసేపటికి నీళ్లు కాగుతున్న చప్పుడు తప్ప నాకింకేమీ వినబడలేదు. టీ చిక్కగా కలిపారు. గిన్నె మాత్రం ఒకటే.

“ముందు నువ్వు తాగు. తర్వాత నేను.”

పెద్దావిడకి ఎంగిలి చేసి ఇవ్వడమా! గిన్నె పైకెత్తి, పెదవులకు తగలకుండా పోసుకోబోయాను. అదేమైనా మజ్జిగా? కాసేపు కదలనే లేదు, తర్వాత ముద్దగా జారి గడ్డం మీదా, చున్నీ మీదా పడింది.

ఆవిడ నవ్వలేదు. “ఎందుకలా తాగావు?”

“మీరు తాగాలి కదా. నా నోరు తగిలింది మీకెలా ఇస్తాను?”

ఆవిడ నా చేతిలోంచి గిన్నె తీసుకున్నారు. “నీ తర్వాత తాగేవాళ్ల గురించి ఇంత ఆలోచిస్తావే! మరి ఫోన్‌లో నీ మాట అందుకునేవాళ్ల సంగతి?”

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆ మాటకు మాత్రం తలొంచుకుని చున్నీ తుడుచుకున్నాను. పెదవులు ఆనించే తాగాలనీ, అంచు గుడ్డతో తుడిచి, గిన్నె తిప్పి పక్కవారికి అందించాలనీ అప్పుడు చేసి చూపించారు.

సోమవారం క్లయింట్ మళ్లీ అరిచాడు. ఫోన్ పట్టుకుని, మనసులోనే గిన్నె అంచు తుడుచుకుని, ఆ తర్వాతే మాట్లాడాను. కాంట్రాక్టు నిలిచింది. శనివారం టీ అలవాటైపోయింది.

మోరి సాన్ జపాన్ తిరిగి వెళ్లిపోయే ముందు టీ నన్నే కలపమన్నారు. ఆవిడ తాగి, అంచు తుడిచి, గిన్నె నాకిచ్చారు. పెదవులు ఆనించి తాగాను. మా అమ్మ ఎంగిలి తర్వాత నేను తాగిన ఎంగిలి అదొక్కటే. ఏడుపు ఆగలేదు.

“ఏదడిగినా ఇంతసేపు ఆగుతావేంటమ్మా, సో స్లో లా!” అని మా అమ్మాయి సింగపూర్ యాసలో విసుక్కుంటుంది.

“అంచు తుడుస్తున్నానే, ఉండు,” అంటాను.