మరీ మంచినీళ్లు

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. ఫిల్టరాయన అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి వాటర్ ఫిల్టర్లు బిగించడం, చెడిపోతే బాగుచెయ్యడం ఆయన పని. భుజాన సంచి, అందులో రెండు స్పానర్లు, ఒక తెల్ల టేపు చుట్ట. చొక్కా జేబులో పెన్నులాంటి మీటరు. నీళ్లలో ఎంత లవణం కరిగి ఉందో అది అంకెలో చెబుతుంది. ఎవరింటికెళ్లినా ముందు దాన్ని కుళాయి నీళ్లలో ముంచి, "చూశారా, నాలుగొందల ఇరవై! నీళ్లకి కూడా ఆ బుద్ధే" అని నవ్వేవాడు. తర్వాత ఫిల్టరు నీళ్లలో ముంచి, "పద్దెనిమిది" అని నెమ్మదిగా, దేవుడి పేరు చెప్పినట్టు చెప్పేవాడు. ఆ అంకె ఎంత తగ్గితే నీళ్లు అంత గొప్పవని ఆయన నమ్మకం.

ఇల్లు మారుతున్న ఒక పళ్ల డాక్టరు, సామాన్లతో పట్టుకెళ్లలేక, తన గాజు చేపల తొట్టిని ఈయన చేతిలో పెట్టాడు. ముందుగదిలో భార్య కుట్టుమిషను పక్కన బల్లమీద దాన్ని పెట్టారు. అరవై లీటర్ల తొట్టి. మొత్తం ఫిల్టరు నీళ్లతోనే నింపాడు. ఒక్కో బకెట్టూ పట్టి పొయ్యడానికి రెండు రోజులు పట్టింది.

"చేపలక్కూడా ఫిల్టరు నీళ్లేనా?" అంది భార్య, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మనింట్లో ఎవరికైనా ఒకటే నీళ్లు" అన్నాడాయన.

ఆరు గప్పీ చేపలు, మూడు మోలీ చేపలు తెచ్చాడు. నల్ల మోలీ ఒకటి పొద్దస్తమానం అద్దం వెంబడి చుట్లు కొడుతూ, మిగతావాటిని తరుముతూ ఉండేది. భార్య దానికి ఇన్‌స్పెక్టర్ అని పేరుపెట్టింది. రోజంతా ఒక్కతే మిషను తొక్కుకునే మనిషి, ఇప్పుడు చేతిలో జాకెట్టు పెట్టుకుని దానితో మాట్లాడుతూ కూర్చునేది. ఆ మాటలు వింటుంటే ఆయనకి ముచ్చటేసేది. ఆ సంగతి పైకి చెప్పలేదు.

రెండోవారం సగంలో ఇన్‌స్పెక్టర్ డ్యూటీ మానేసింది. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడిపోయింది. గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన సంచిలోంచి నీళ్ల పులుపు చెప్పే రంగుచుక్కల సీసా తీసి, చిన్న గొట్టంలో తొట్టినీళ్లు పట్టి మూడు చుక్కలు వేశాడు. నీళ్లు బాగుంటే ఆకుపచ్చ రావాలి, క్షారం ఎక్కువైతే నీలం. పచ్చి పసుపు వచ్చింది. నీళ్లు పులిసిపోయాయన్నమాట.

పులుపుకి విరుగుడు వంటసోడా అని ఎవరికి తెలీదు? ఒక చెంచా కలిపాడు. సాయంత్రానికి రంగు నీలానికి తిరిగింది. "చూశావా?" అన్నాడు భార్యతో. మర్నాటికి ఒక గప్పీ చచ్చి తేలింది. రెండు రోజులకి రంగు మళ్లీ పసుపు. ఈసారి చెంచాన్నర వేశాడు. ఇంకో రెండు గప్పీలు పోయాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. కోపమొచ్చి తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు తోమి, తొట్టిలో ఉండే చిన్న ఫిల్టరు స్పాంజిని తెల్లగా అయ్యేదాకా కుళాయి కింద పిండి, మళ్లీ పద్దెనిమిది నీళ్లే పోశాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే పసుపు, మళ్లీ సోడా, ఇంకో రెండు చేపలు.

"మీరు మందు వేసినప్పుడల్లా ఒకటి పోతోంది. ఆ డబ్బా అవతల పెట్టండి" అంది భార్య.

"నీళ్ల గురించి నువ్వు నాకు చెబుతున్నావా?"

ఆవిడ ఆ రోజు మిషను తొక్కలేదు. అదే ఆయన్ని ఎక్కువ పొడిచింది.

చెల్లెలు ఫోన్లో సంగతి చెబితే, ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అక్క వచ్చింది. ఒక కాలేజీలో రసాయనశాస్త్రం ల్యాబులో అటెండరు. ముప్ఫై ఏళ్లుగా గాజుగొట్టాలు కడిగిన చేతులు. పాఠం చెప్పే ఉద్యోగం కాదుగానీ, విన్న పాఠాలకి లెక్కలేదు. చెప్పులు విడుస్తూనే తొట్టి దగ్గరకెళ్లి వంగి చూసింది.

"మరిదిగారూ, ఇందులో ఏం నీళ్లు పోశారు?"

"ఇంకేం నీళ్లు వదినా, మన ఫిల్టరువే. పద్దెనిమిది."

"ఏదీ, ఒక గ్లాసు అవి, ఒక గ్లాసు కుళాయివి పట్టుకురండి. ఒక నిమ్మకాయ కూడా."

బల్లమీద రెండు గ్లాసులు పెట్టి, రెండింట్లోనూ రంగుచుక్కలు వేసింది. నిమ్మరసాన్ని నీళ్లతో బాగా పల్చన చేసి, డ్రాపరుతో ఫిల్టరు నీళ్లలో ఒక్క చుక్క వదిలింది. వెంటనే పసుపు. కుళాయి నీళ్లలో ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది చుక్కలు వేసింది. రంగు కదల్లేదు. పదకొండో చుక్కకి కాస్త తగ్గింది.

ఆయన పసుపెక్కిన గ్లాసుని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"మీ నీళ్లు మంచివే, కానీ మరీ మెతక. ఎవరేమన్నా లొంగిపోతాయి" అంది వదిన. "కుళాయి నీళ్లలో కాస్త సున్నంలాంటిది ఉంటుంది. పులుపు చేరినా అది మింగేస్తుంది. చేపల మలంలోంచి అమోనియా పుడుతుందా? దాన్ని తినే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలో పెరుగుతాయి. అవి పనిచేస్తున్నకొద్దీ నీళ్లలో పులుపు చేరుతుంది. మీ నీళ్లలో దాన్ని మింగడానికేం లేదు. పులుపు ముదిరితే ఆ జీవులే పని మానేస్తాయి."

దారిలో చేపల దుకాణంలో కొన్న చుక్కలతో తొట్టినీళ్లలో అమోనియా కూడా చూసింది. గొట్టం చిక్కని ఆకుపచ్చకి తిరిగింది. అంటే చాలా ఉందని.

"ఇంత ఉంటే ఇవి ఇంకా ఎలా బతికున్నాయి?" అన్నాడాయన.

"పులుపు నీళ్లలో దాని విషం పెద్దగా పైకి రాదు. సోడా వెయ్యగానే లేస్తుంది. మీ చేపల్ని చంపింది ఆ లేవడమే."

"అంటే నేనే చంపాను."

"తెలీక" అంది వదిన.

"మరి మొన్న స్పాంజి ఉతకడం?"

"ఆ కాస్త జీవుల్ని కూడా కాలవలోకి పంపారు."

భార్య నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. ఆయనకి నవ్వు రాలేదు. గ్లాసులు తీసుకెళ్లి కడిగి బోర్లించాడు. ఇరవై రెండేళ్ల పనితనం నిమ్మరసం చుక్కకి తలొంచడం ఆయనకి మింగుడుపడలేదు. తిరిగొచ్చి మాత్రం, "ఇప్పుడేం చెయ్యాలి?" అనే అడిగాడు.

తొందరపడకూడదు, అంతే. రోజూ అర బకెట్టు తీసేసి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలిపిన కుళాయి నీళ్లు అర బకెట్టు మెల్లగా పొయ్యాలి. సున్నం మెల్లగా కరిగేలా తొట్టి ఫిల్టరులో గుప్పెడు ఆల్చిప్పల ముక్కలు గుడ్డలో మూటకట్టి పెట్టాలి. మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే ఒక్కసారి నొక్కి వదిలెయ్యాలి. సోడా డబ్బా వంటింట్లోనే ఉండాలి.

మొదటివారంలో ఇంకో గప్పీ పోయింది. ఆయన ఏమీ కలపకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చేతులు కట్టుకోవడం ఆయనకి ఈ పనంతటిలోకీ కష్టమైంది. మూడోవారానికి పొద్దున్నా సాయంత్రమూ ఒకటే ఆకుపచ్చ రావడం మొదలైంది. అమోనియా గొట్టం అయిదోవారంలో లేత పసుపుకి, అంటే విషం లేదన్న రంగుకి, దిగి అక్కడే నిలిచింది. మిగిలినవి మూడే చేపలు: ఒక గప్పీ, ఒక ఆడ మోలీ, ఇన్‌స్పెక్టర్. అది మళ్లీ గస్తీ మొదలుపెట్టిన రోజు భార్య కత్తెర కింద పెట్టి పిలిచింది, "ఏమండీ, ఒకసారి ఇలా రండి!"

ఆయన పనిలోనూ కాస్త తేడా వచ్చింది. ఒక ముసలామె ఫిల్టరు నీళ్లు చప్పగా ఉన్నాయని ఏళ్ల తరబడి చెబుతోంది. "అలవాటవుతుందమ్మా" అని తోసేసేవాడు. ఈసారి వెళ్లినప్పుడు ఫిల్టరు వెనక, కాస్త లవణం నీళ్లలో ఉండనిచ్చే చిన్న మరని తిప్పి మీటరుని ఎనభైకి తెచ్చాడు. ఆమె తాగి, ఇంకో గ్లాసు పట్టుకుంది. పక్క వాటాలో ఇంకొకాయన మాత్రం, "అంకె పెరిగిందేమిటి?" అని పోట్లాడి మళ్లీ తగ్గించుకున్నాడు. ఫిల్టరాయన అతనితో వాదించలేదు.

వర్షాలు మొదలయ్యాక ఆడ మోలీ పిల్లల్ని పెట్టింది. గింజల్లాంటి పిల్లలు ఇరవై దాకా ఉంటే, ఇన్‌స్పెక్టర్ సగం మింగేసింది. మిగిలినవాటిలో ఆరింటిని సీసాలో పోసి, వదిన ల్యాబు కిటికీలో పెట్టుకోవడానికి తనే బస్సులో తీసుకెళ్లాడు. దారి పొడుగునా సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కసీటాయన, తన ఇంట్లో కూడా చేపలు నిలవడం లేదని, ఏం మందు వెయ్యాలో చెప్పమని అడిగాడు.

"మందు సంగతి తర్వాత. ఏం నీళ్లు పోస్తున్నారో ముందు చెప్పండి" అన్నాడు ఫిల్టరాయన.