వెండి నాణెం మీది ఒంటె కాపరి

తోటమాలి పని అని చెప్పి హన్మాండ్లును విమానం ఎక్కించారు. దిగాక ఒంటెల మంద అప్పగించారు. అరబ్బు ఎడారిలో హఫర్ అల్ బాతిన్‌కు అవతల, ఆర్మూరు మనిషికి నీడ కూడా దొరకని చోటు. యుద్ధం మీదికి రాగానే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటిల్లిపాదితో మదీనా వెళ్లిపోయాడు. హన్మాండ్లు పాస్‌పోర్టూ ఆయన పెట్టెలోనే వెళ్లిపోయింది. మనిషి మాత్రం మిగిలాడు. నెత్తిమీద విమానాలు ఉరుముతుంటే ఒంటెల మెడలు నిమురుతూ మందను చెదరనివ్వలేదు. ఆ యుద్ధంలో ఎవరేం కాపాడారో చెప్పుకున్నవాళ్లెవరూ ఇలాంటివాళ్ల పేరెత్తలేదు.

రెండు ఒంటెలు చచ్చాయి. యుద్ధం ఆగాక తిరిగొచ్చిన కఫీల్ కొడుక్కు అవే కనిపించాయి. "మా నాన్న ముందు మోకాళ్ల మీద పడి మాఫీ అడుగు. అప్పుడే నీ దేశం పోవడానికి ఎగ్జిట్ కాగితం," అన్నాడు.

పాడైన రోడ్డు వేయించడానికొచ్చిన గుంటూరు ఇంజనీరు హరనాథ్ దారిన పోతూ ఆగి, నాలుగు తెలుగు మాటలాడి పోయేవాడు. పాత నాణేలంటే ఆయనకు పిచ్చి. గుంజ పాతుతుంటే దొరికిన బిళ్లను హన్మాండ్లు ఆయన చేతిలో పెట్టాడు.

"రోమన్ల వెండి నాణెమయ్యా ఇది. రెండు వేల ఏళ్ల నాటిది. ఇటు రథం మీద వాళ్ల దేవుడు. అటు ఒంటె పక్కన మోకరిల్లినవాడు అరబ్బు రాజు. కొమ్మ చాపి శరణంటున్నాడు. గెలిచామని వాళ్లు కొట్టించుకున్న బొమ్మలే. ఆయన రాజ్యం మాత్రం ఎటూ పోలేదు."

హన్మాండ్లు దాన్ని తిరిగి తీసుకుని ఎండకు తిప్పి చూశాడు.

"రాజేంది సారూ. ఒక చేత తాడు, ఇంకో చేత కొమ్మ. మొండికేసిన ఒంటెను కదిలియ్యాలంటే గిట్లనే కూసొని ఆకు చూపియ్యాలె. ఈన మా అసొంటోడే."

"సరే, నువ్వూ ఒకసారి వంగరాదూ. ఇంటికి పోతావు."

"ఒంటెకైతే వంగుత. చెయ్యని తప్పుకు వంగ."

మందను వేరే మేతకు తరలించడానికి కఫీల్ లారీలతో వచ్చిన రోజు హరనాథ్ అక్కడే ఉన్నాడు. ముందుండే ఆడ ఒంటె లారీకి ఆనించిన చెక్క పలక ఎక్కనంది. కొడుకు కర్ర ఝళిపించేకొద్దీ వెనక్కి తన్నింది. హన్మాండ్లు ముళ్ల కొమ్మ ఒకటి విరిచి, మోకాలి మీద కూర్చున్నాడు.

"దారికొచ్చాడు," అని కొడుకు నవ్వాడు.

హన్మాండ్లు మొహం ఒంటె వైపుంది. అది మెడ వంచి ఆకు అందుకుని, అతని వెనకే పలక ఎక్కింది. మందంతా దాని వెంట నడిచింది.

ముసలి కఫీల్ కొడుకును పక్కకు జరగమన్నాడు. "ఆ రెండింటి చావు అల్లా చేతిలోది. మందను నిలబెట్టింది ఇతను," అంటూ జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఇచ్చాడు.

హన్మాండ్లు నాణెం ఆయన అరచేతిలో పెట్టి, నేర్చుకున్న అరబీలో చెప్పాడు. "నీ నేలలో దొరికింది. నీదే."

"ఎవరితను?" బొమ్మను చూసి అడిగాడు కఫీల్.

"ఒంటెల కాపరి," అన్నాడు హన్మాండ్లు.

హరనాథ్ సరిదిద్దలేదు.