గార పళ్ళ అండాలు

అండాలుది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ పక్కన ఒక పల్లె. అక్కడి బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళ పళ్ళన్నీ ఒకే రంగు. ఎండిన పొగాకు రంగు గీతలు అడ్డంగా పడి ఉంటాయి, అంచులు పెచ్చులూడి ఉంటాయి. ఆ నీళ్ళు ముసలివాళ్ళకు నడుములు కూడా వంచేస్తాయి కాబట్టి పళ్ళ సంగతి ఊళ్ళో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. గార పళ్ళంటారు, అంతే. అండాలు తండ్రి ఐలయ్య మగ్గం నేసేవాడు. ఒక్కతే కూతురని అప్పో సప్పో చేసి నల్లగొండలో డిగ్రీ చదివించాడు.

డిగ్రీ అయ్యాక అండాలు టైపు నేర్చుకుని హైదరాబాదు వచ్చింది. కొండాపూర్‌లో పెద్దమ్మ రుక్కమ్మ ఇంట్లో దిగింది. మాదాపూర్‌లో అప్పుడప్పుడే అద్దాల భవనాలు లేస్తున్నాయి. అందులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి టెలిఫోన్ ఆపరేటరు కావాలని తెలిసి ఫోన్ చేసింది. ఆమె గొంతు విని అటువైపు మేనేజరు విశ్వేశ్వరరావు అక్కడికక్కడే రమ్మన్నాడు. ఫోన్ల బోర్డు వెనక గదిలో ఉండేది కాబట్టి, ఆమె నోరు తెరిచినప్పుడు ఆయన మొహంలో కనబడిన చిన్న ఇబ్బంది ఉద్యోగానికి అడ్డం రాలేదు.

ఏడాది బాగానే గడిచింది. గొంతు బాగుంటుందని పేరొచ్చింది. కానీ టీలు కాచే గదిలో తన కప్పు మిగతా కప్పులతో కలవకుండా కిటికీ గట్టు మీద విడిగా ఉండటం ఆమె చాలా ఆలస్యంగా గమనించింది. ఎవరు పెట్టారని అడిగితే ఎవరూ పెట్టలేదన్నారు. ఆరోజు నుంచి ఆమె ఇంటి దగ్గరి నుంచే మంచినీళ్ళు తెచ్చుకునేది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. తర్వాత్తర్వాత నవ్వు రాకుండానే చూసుకునేది.

ముందు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడంతో ఫోన్ల బోర్డు ముందు గదిలోకి వచ్చింది. దాంతోపాటు అండాలు కూడా. వారం తిరక్కముందే విశ్వేశ్వరరావు తన గదిలోకి పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు. ఎంత చెడ్డ మాటైనా మెత్తగా చెబుతాడు.

“మీరేం అనుకోకండి అండాళ్ గారూ. మీ గొంతుకి వంక పెట్టేవాడు లేడండి. కానీ బయటి దేశాల వాళ్ళు వస్తున్నారు. రాగానే వాళ్ళకి కనబడేది మీరు. మీరు నోరు తెరిస్తే వాళ్ళు చూపు తిప్పుకుంటున్నారండి.”

తన స్నేహితుడైన పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడనీ, ఖర్చు కంపెనీ ముందుగా పెట్టుకుంటుందనీ, నెల నెలా జీతంలో పట్టుకుంటుందనీ చెప్పాడు. మూడేళ్ళు ఉద్యోగం మానకూడదని ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు.

ఆ డాక్టరు పేరు వంశీధర్. ఆయన దవాఖానలో నేలంతా పాలరాయి, గోడకు చేపల తొట్టి, బల్ల మీద ఒక ఆల్బం. అందులో మనుషుల మొహాలు లేవు. వట్టి నోళ్ళే ఉన్నాయి, వైద్యానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. అండాలు రెండు పేజీలు తిప్పి మూసేసింది. ఆకలిగా ఉన్నప్పుడు కబేళా ముందు నుంచి నడిచి వెళ్ళినట్టనిపించింది.

డాక్టరు ఆమె నోట్లో అద్దం పెట్టి చూసి, పక్కనున్న నర్సుకు ఇంగ్లీషులో ఏదో చెప్పి నవ్వాడు. అండాలుకు ఇంగ్లీషు వచ్చని ఆయన అనుకోలేదు. తుప్పుపట్టిన ఇనుప గేటులా ఉందన్నాడు. తర్వాత తెలుగులోకి వచ్చి, ఈ గార రుద్దితే పోదనీ, ముందు పళ్ళు నాలుగూ తీసేసి దవడ ఎముకలోకి స్వీడన్ మరలు బిగించి, వాటి మీద కొత్త పళ్ళు కూర్చోబెట్టాలనీ చెప్పాడు. ఒక్కో పంటికి పదిహేను వేలు. అండాలు జీతం నెలకు మూడు వేలు.

ఆ సాయంత్రం ఊళ్ళో ఉన్న టెలిఫోన్ బూతుకు ఫోన్ చేసి తండ్రిని పిలిపించింది. ఐలయ్యకు ముందు అర్థం కాలేదు. ఒక పంటికి గన్ని పైసలెందుకైతయని రెండుసార్లు అడిగాడు. మరల సంగతి చెబితే, మనిషి ఎముకలకు మరలేందన్నాడు. చివరికి, “నీకు ఆడ నామోషీ అయితుంటే చేయించుకో బిడ్డా. నా పళ్ళు జూసి ఎవలూ కూలి తక్కువియ్యలే గని, నీది వేరే లోకం” అన్నాడు. ఆయన సరే అన్నందుకు అండాలుకు సంతోషం కలగలేదు. అయినా కిటికీ గట్టు మీది కప్పు గుర్తొచ్చి మర్నాడు సంతకం పెట్టింది.

మొదటి రోజు మధ్య పళ్ళు రెండూ పీకారు. సూది మందు వల్ల నొప్పి తెలియలేదు కానీ, ఎముకలోంచి పన్ను ఊడి వచ్చే చప్పుడు తల లోపల వినబడింది. డాక్టరు సెల్‌ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని గచ్చిబౌలిలో ప్లాటు గురించి బేరమాడుతూనే పట్టకారు తిప్పాడు. బేరం కుదరకపోయేసరికి విసుక్కున్నాడు. ఆ విసుగు ఆయన చేతిలోంచి ఆమె దవడలోకి దిగింది.

నోట్లో దూది కుక్కుకుని లేచిన అండాలుకు స్టీలు పళ్ళెంలో తన పళ్ళు కనబడ్డాయి. పొడుగాటి వేళ్ళతో, పుచ్చన్నది లేకుండా, గట్టిగా ఉన్నాయి. గోధుమరంగు ముందు వైపే ఉంది. వెనక్కి తిప్పితే తెల్లగా ఉంది. అవి పుచ్చలేదు గదా సార్ అని దూది పక్కకు నెట్టి అడిగింది.

“పన్ను పుచ్చకపోయినా అందం పుచ్చింది కదమ్మా” అని డాక్టరు తన మాటకు తనే నవ్వాడు. నర్సు కూడా నవ్వాల్సి వచ్చింది.

చిగుళ్ళు మానేదాకా పెట్టుకొమ్మని తెల్లటి పళ్ళు రెండు బిగించిన ప్లేటు ఒకటి ఇచ్చారు. గోధుమరంగు పళ్ళ మధ్య ఆ రెండూ సున్నం ముద్దల్లా మెరిసేవి. ఆఫీసులో విశ్వేశ్వరరావు ఒకసారి చూసి, వైద్యం పూర్తయ్యేదాకా వెనక గదిలోనే కూర్చోమన్నాడు. జీతం కోత మాత్రం ఆ నెల నుంచే మొదలైంది.

కుట్లు విప్పడానికి వెళ్ళినప్పుడు డాక్టరు చాలా ప్రేమగా మాట్లాడాడు. ఊరెక్కడ, ఎంత జనాభా, చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ఇవే నీళ్ళా అని అడిగాడు. అండాలు చెప్పింది. ఆయన కళ్ళు వెలిగాయి.

“అంటే జిల్లాలో సగం మంది నీలాగే ఉన్నారన్నమాట. పెళ్ళి కావాల్సిన వాళ్ళు, ఉద్యోగాలు వెతుక్కునే వాళ్ళు. నువ్వు ఓ నలుగుర్ని తీసుకురామ్మా, నీ మిగతా రెండు పళ్ళకీ పైసా తీసుకోను. వాళ్ళకి చెప్పాల్సింది ఏమీ లేదు, నువ్వు నవ్వితే చాలు.”

కుట్లు విప్పించుకుని అండాలు బయటికి వచ్చింది. బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని కొత్తగా వేస్తున్న రోడ్డును చూస్తూ, తెలియకుండానే ఊళ్ళోవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకోవడం మొదలుపెట్టింది. మేనమామ కూతురు పింకీ వస్తుంది, చెప్తే వింటుంది. పింకీ స్నేహితురాలికి సంబంధాలు చూస్తున్నారు, వాళ్ళకు పొలం ఉంది, అమ్మగలరు. అక్కడికి వచ్చేసరికి, తాను ఎవరి పొలం అమ్మిస్తోందో ఆమెకు తెలిసొచ్చింది. చేపల తొట్టి ముందు కూర్చుని ఆల్బం తిప్పే పింకీ కళ్ళకు కట్టింది. కొండాపూర్ రాకముందే బస్సు దిగి, రోడ్డు పక్కన కంకర కుప్ప దగ్గర వాంతి చేసుకుంది.

డాక్టరు మీద రోత సరే. తన మీద కలిగిన రోత ఎక్కువ బాధపెట్టింది. ఇంటికి వెళ్ళి ఎన్నిసార్లు పుక్కిలించినా డాక్టరు చిగుళ్ళకు పూసిన లవంగ నూనె వాసన నోట్లోంచి పోలేదు. రుక్కమ్మ అన్నం పెడితే కంచం పక్కకు జరిపింది. “ఏమైందే, పళ్ళ నొప్పా?” అని అడిగితే కాదన్నట్టు తలూపింది. రుక్కమ్మ ఇంకేం అడగకుండా గంజి కాచి ఇచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి అఫ్జల్‌గంజ్‌లో సర్కారు పళ్ళ దవాఖానకు వెళ్ళింది. మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డాక ఒక డాక్టరమ్మ నోరు చూసింది. అండాలు ఆరోజు పళ్ళెంలోంచి తీసి దాచుకుని, ఇప్పుడు కొంగున కట్టి తెచ్చిన రెండు పళ్ళనూ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. మంచి పళ్ళు ఎవరు పీకారని అడిగింది. నీళ్ళ వల్ల వచ్చే గార పైపొరకే ఉంటుందనీ, అంతగా కావాలనుకుంటే పైన తొడుగులు వేస్తే సరిపోయేదనీ, దానికి వీటి ఖర్చులో పదో వంతు కూడా కాదనీ చెప్పింది. చెప్పి, ఆమె మొహం చూసి, మిగతావి మాత్రం ఎవరినీ ముట్టుకోనియ్యకని హెచ్చరించి, కట్టుడు పళ్ళకు చీటీ రాసిచ్చింది.

అండాలు నేరుగా ఆఫీసుకు వెళ్ళి విశ్వేశ్వరరావు ముందు నిలబడింది. పని మానేస్తానంది. ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టి సొరుగులోంచి కాగితం తీశాడు.

“సంతకం పెట్టారు కదండీ. మూడేళ్ళండి.”

“పెట్టిన సార్. ఆ పళ్ళు మల్ల నా నోట్ల నాటిపియ్యుండ్రి, మూడేండ్లు కాదు, ముప్పై ఏండ్లు చేస్త.”

ఆమె గొంతు పెంచలేదు. ప్లేటు తీసి బల్ల మీద, ఆయన కాఫీ కప్పు పక్కన పెట్టింది. తడిగా ఉన్న ఆ ప్లేటు చూసి ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. తలుపు వైపు చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. డాక్టరు ఆయనకు దవడ పళ్ళు రెండు ఊరికే కట్టిచ్చాడన్న సంగతి ఆఫీసులో చాలామందికి తెలుసు. అది పైవాళ్ళ దాకా పోకూడదనేమో, ఆ నెల జీతం ఇవ్వమనీ, మిగతా బాకీ అడగొద్దనీ చెప్పి వదిలేశాడు. అండాలు ప్లేటును అక్కడే వదిలి వచ్చింది. టీ గదిలోకి వెళ్ళి తన కప్పును మాత్రం చెత్తబుట్టలో వేసి వచ్చింది.

సర్కారు దవాఖానలో కట్టుడు పళ్ళు చేసే గోవిందప్ప అనే ఆయన అనంతపురం మనిషి. అండాలు నోరు చూసి, మా ఊరి వైపు కూడా ఇవే నీళ్ళమ్మా అన్నాడు. తెల్లటి పళ్ళున్న పెట్టె ఆమె ముందుకు తోసి రంగు ఎంచుకోమన్నాడు. అండాలు ఆ రంగులేవీ వద్దనీ, పక్క పళ్ళకున్నట్టే గోధుమ గీతలతో చేయమనీ అడిగింది. కొత్త పళ్ళకు మచ్చలు పెట్టమన్న వాళ్ళను తను ఇన్నేళ్ళలో చూడలేదని గోవిందప్ప వాదించాడు. రేపు నన్ను తిట్టుకుంటావన్నాడు. ఆమె వినలేదు. రెండు వారాలు తిప్పుకుని, చివరికి చేసిచ్చాడు. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఏది తనదో ఏది ఆయన చేసిందో ఆమెకే చప్పున తెలియలేదు.

తర్వాత కొండాపూర్ చౌరస్తాలో ఒక ఎస్టీడీ బూతులో పనికి కుదిరింది. కట్టడాల మీద పనిచేసే పాలమూరు, నల్లగొండ కూలీలు సాయంత్రాలు ఊళ్ళకు ఫోన్లు చేసుకునేవాళ్ళు. ఆమె పళ్ళు చూసి మీది ఏ ఊరని అడిగేవాళ్ళు.

ఆ ఎండాకాలం ఊళ్ళో ఉచిత దంత వైద్య శిబిరం పెడుతున్నారని పింకీ ఫోన్ చేసింది. డాక్టరు పేరు వంశీధర్ అని చెప్పింది. అండాలు ఆ రాత్రే బయలుదేరి తెల్లారేసరికి ఊళ్ళో ఉంది. బడి వరండాలో షామియానా వేశారు. సర్పంచు తమ్ముడు రామన్న దగ్గరుండి జనాన్ని కూర్చోబెడుతున్నాడు. డాక్టరు ఆల్బం తెచ్చాడు. ఆడపిల్లలు దాని చుట్టూ మూగి ఉన్నారు.

అండాలు నడుచుకుంటూ వెళ్ళి డాక్టరు కుర్చీ పక్కన నిలబడింది. గోవిందప్ప చేసిచ్చిన పళ్ళు తీసి చేతిలో పట్టుకుంది. ముందు పళ్ళు లేని నోరు అందరికీ కనబడేలా తెరిచింది.

“నా ముందటి పళ్ళు పీకింది ఈయనే. పుచ్చలే. గార ఉందని పీకిండు. మిమ్ములను తోల్కొస్తే నాకు ఉత్తగ చేస్తనన్నడు.”

పళ్ళు లేక మాట సరిగా పలకలేదు. కానీ అందరికీ అర్థమైంది. డాక్టరు ఈమెకు మతి సరిగా లేదన్నాడు. రామన్న ఆమె రెక్క పట్టుకుని షామియానా బయటికి లాగాడు, ఊరికి వచ్చిన పెద్దమనిషిని అవమానిస్తావా అని తిట్టాడు. ఐలయ్య మగ్గం గుంటలోంచి లేచి వచ్చేసరికి గొడవ సద్దుమణిగింది. సగం మంది లేచి వెళ్ళిపోయారు. సగం మంది కూర్చునే ఉన్నారు. పింకీ లేచిన వాళ్ళలో ఉంది.

వానాకాలంలో ఒకరోజు రామన్న కొండాపూర్ బూతు ముందు నిలబడి ఉన్నాడు. చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. నోటికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మిన భూమి డబ్బుతో మరలు వేయించుకున్నాడట. అవి చీము పట్టాయి. మళ్ళీ కోయాలంటే మళ్ళీ కట్టాలన్నారట డాక్టరు మనుషులు. నగరంలో అతనికి ఆమె తప్ప తెలిసిన వాళ్ళు లేరు.

తువాలులోంచి కుళ్ళు వాసన వస్తోంది. అండాలు బూతు పక్కవాళ్ళకు అప్పగించి, అతన్ని బస్సెక్కించి అఫ్జల్‌గంజ్ తీసుకువెళ్ళింది. దారిలో రామన్న ఏదో చెప్పబోయాడు. నోరు తెరుచుకోలేదు. దవాఖాన వరుసలో ఆమె అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, చీటీ రాయించడానికి కిటికీ దగ్గరికి వెళ్ళింది.