తగ్గిన ఎనభై ఒక్క చెట్లు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జనవరిలో, మైలవరం వైపు కొండల్లో విచారణ చేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను అటవీ శాఖలో రేంజ్ అధికారిని. తెలియనివాళ్ల కోసం చెబుతాను: మా శాఖలో అడవిని బీట్లుగా విడగొడతారు. ఒక్కో బీట్‌కి ఒక బీట్ అధికారి, కొన్ని బీట్ల మీద సెక్షన్ అధికారి, ఆ పైన రేంజ్ అధికారి. మా అందరి పైనా విజయవాడలో కూర్చునే డి.ఎఫ్.ఓ. గారు.

ఉత్తర్వు ఒక్క పేజీయే. ఫలానా గ్రామంలో వన సంరక్షణ సమితి కాపాడుతున్న కొండ మీద, నమూనా స్థలంలో మొదట లెక్కించినప్పుడు రెండు వందల పన్నెండు చెట్లు ఉన్నాయి. ఇటీవలి తనిఖీలో నూట ముప్పై ఒకటి తేలాయి. మిగతా ఎనభై ఒక్క చెట్లను సమితి సభ్యులే నరికి ఉంటారని అనుమానం. సమితిని రద్దు చేయాలా వద్దా అన్నది పది రోజుల్లో తేల్చి రాయాలి.

రద్దయితే ఆ ఊరివాళ్లకి కొండ మీద సీతాఫలాలు కోసుకునే హక్కు పోతుంది. అంతకంటే పెద్ద నష్టం, రికార్డులో దొంగలుగా మిగిలిపోతారు.

ఆ స్థలం నాకు కొత్త కాదు. పదిహేడేళ్ల కిందట అక్కడ సెక్షన్ అధికారిగా ఉన్నప్పుడు దాన్ని గుర్తించి రాళ్లు పాతించింది నేనే. కొండంతా లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు కనుక, ముప్పై మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న చదరాన్ని ఎంచుకుని, అందులో చేతి మణికట్టు లావు దాటిన ప్రతి చెట్టుకీ నంబరు వేసిన అల్యూమినియం బిళ్ల తీగతో కడతాం. నేల నుంచి నూట ముప్పై ఏడు సెంటీమీటర్ల ఎత్తులో, అంటే ఇంచుమించు ఛాతీ దగ్గర, టేపు చుట్టి లావు కొలుస్తాం. వాలు మీద ఉన్న చెట్టయితే ఎగువ పక్కన నిలబడి కొలవాలి. ఎన్నేళ్ల తర్వాత ఎవరు వచ్చినా అవే చెట్లని, అదే ఎత్తులో కొలవగలగాలన్నది దీని ఉద్దేశం.

ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటి, మైలవరం మీదుగా జీపు ఊరు చేరేసరికి ఎనిమిదైంది. నాతో బీట్ అధికారి నాగేశ్వరరావు ఉన్నాడు. ఆ బీట్‌లో అతను ఆరేళ్లుగా పని చేస్తున్నాడు.

సమితి అధ్యక్షురాలు సామ్రాజ్యం బడి దగ్గర నిలబడి ఉంది. నేను సెక్షన్ అధికారిగా ఉన్న రోజుల్లో ఆమె ఆ కొండ మీద కట్టెలు కొట్టి మైలవరంలో అమ్మే ఆడవాళ్లలో ఒకరు. సమితి పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ వాదించింది, ఒప్పుకున్నాక అందరికంటే గట్టిగా నిలబడింది. ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. నమస్కారం పెట్టింది గానీ మొహంలో నవ్వు లేదు.

"మీరు వస్తున్నారని తెలిసి నిద్ర పట్టలేదు మేడం గారూ. పదిహేడేళ్లు వంతులేసుకుని కాపలా కాశాం. మా మరిది గొడ్డలితో వెళ్తే మా మరిది మీదే కేసు పెట్టించాను. అలాంటిది మమ్మల్ని దొంగలంటారా?"

"నేనింకా ఏమీ అనలేదు సామ్రాజ్యం గారూ. చూడ్డానికి వచ్చాను."

"అయితే రండి. చూసి రాయండి."

ఆమె ముందు నడిచింది. వెనకాల నేనూ, నాగేశ్వరరావు, సమితి ఆడవాళ్లు పదిమంది దాకా.

నాకు గుర్తున్న కొండ వేరు. అప్పుడది ఎర్రటి రాళ్ల గుట్ట. ఏటా నరికిన మొదళ్ల నుంచి చిరుమాను, తుమికి, బిల్లుడు పిలకలు గుబురుగా లేచి, మనిషి దూరలేనంత ఇరుగ్గా ఉండేవి. నెత్తి మీద మాత్రం ఎండే. కొలిచిన రోజు నా చేతులు గీరుకుపోయి, సాయంత్రానికి జ్వరం వచ్చింది. ఇప్పుడు అదే చోట నిటారుగా నడిచి వెళ్లాను. పైన కొమ్మలు ఒకదానికొకటి ఆని ఉన్నాయి. కింద రాలిన ఆకు మడమల దాకా ఉంది. ఎక్కడో నెమలి అరిచింది. విచారణాధికారిగా వచ్చానన్న సంగతి ఒక నిమిషం పాటు నిజంగానే మరిచిపోయాను.

పాతించిన నాలుగు రాళ్లూ దొరికాయి. బతికున్న చెట్లని ముందు లెక్కించాం. తనిఖీ చేసినవాళ్లు తప్పు రాయలేదు, సరిగ్గా నూట ముప్పై ఒకటే. సామ్రాజ్యం మొహం వాడిపోయింది. ఆమె లోపల్లోపల ఆ లెక్క తప్పని తేలుతుందని ఆశపడినట్టుంది.

"ఉన్నవాటి సంగతి తేలింది," అన్నాను. "ఇప్పుడు లేనివాటిని వెతుకుదాం. ఒక్కోటీ ఏమైందో చూడాలి."

నరికిన చెట్టునీ, తనంతట తాను చచ్చిన చెట్టునీ కనిపెట్టడానికి మాకు కొన్ని గుర్తులున్నాయి. గొడ్డలి దెబ్బ పడిన మొదలు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. పైగా ఆ కొండ మీద పెరిగే జాతుల్ని పచ్చిగా ఉండగా నరికితే మొదలు ఊరుకోదు, చుట్టూ పిలకలు వేస్తుంది. వెలుతురు అందక నీరసించి చచ్చిన చెట్టు మొదలు మాత్రం పిలక వేయదు. నిలువునా ఎండుతుంది, చెదలు పడుతుంది, ఒకరోజు గాలికి ఒరుగుతుంది.

ఈ సంగతి చెప్పగానే ఆడవాళ్లు కొంగులు బిగించారు. చదరాన్ని తాళ్లతో పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి ఇద్దరిద్దరు చొప్పున వంగి, ఆకు తీస్తూ వెతికాం. అరగంట తర్వాత ఒకామె కేక పెట్టింది. "బిళ్ల! బిళ్ల దొరికింది!" పుచ్చిపోయిన కాండం ముక్కకి ఇంకా తీగ ఉంది. నంబరు అరవై నాలుగు. పిలకలు లేవు, గొడ్డలి గుర్తు లేదు. పుస్తకంలో రాసుకున్నాను. ఇంకో పది నిమిషాలకి నూట తొమ్మిది. ఆ తర్వాత కేకలు ఆగలేదు. పేరంటానికి వచ్చి చెవి దుద్దు పోగొట్టుకున్నవాళ్లలా అందరూ నేల మీదే చూపు పెట్టి తిరిగారు. బిళ్ల దొరికిన ప్రతిసారీ నవ్వులే. ఒకామె నిండుగా పెరిగిన నల్లమద్దిని కొలవబోతే టేపు చాలలేదు. "నీ నడుము కూడా చూసుకో, టేపు చాలుతుందేమో," అని పక్కామె అంటే ఆ వాలు మీద అందరం కూలబడి నవ్వాం. మధ్యాహ్నం పెరుగన్నం, మాగాయ వాళ్లే పెట్టారు.

మూడు రోజులు ఇలాగే పట్టింది. ఎనభై ఒక్కటిలో డెబ్బై నాలుగు చెట్లు నిలువునా ఎండినవో, ఒరిగి పుచ్చినవో అని తేలాయి. నాలుగింటి ఆచూకీ దొరకలేదు. మిగిలిన మూడూ పక్కపక్కనే ఉన్నాయి. మూడింటి మొదళ్లూ ఏటవాలుగా నున్నగా ఉన్నాయి, చుట్టూ పిలకలు గుత్తులుగా లేచాయి.

సరిగ్గా అదే పూట డి.ఎఫ్.ఓ. గారు స్వయంగా వచ్చారు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవారు, మితంగా మాట్లాడే మనిషి. నా పుస్తకం చూసి, నేరుగా ఆ మూడు మొదళ్ల దగ్గరికి నడిచారు.

"ఇవి మాత్రం నరికినవేగా?"

నేను జవాబు చెప్పేలోపు సామ్రాజ్యం ముందుకొచ్చింది. "అవునండి. నేనే దగ్గరుండి కొట్టించాను. సమితి పుస్తకంలో రాసుంది కూడా."

"దేనికి?"

"మీ బీట్ ఆఫీసరు గారిని కిందికి మోసుకెళ్లడానికండి."

అందరం నాగేశ్వరరావు వైపు తిరిగాం. అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. అయిదేళ్ల కిందట వేసవిలో కొండకి మంటంటుకుంటే, ఆర్పడానికి పరుగెత్తి, రాయి జారి, కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ ఆడవాళ్లే మూడు గుంజలు నరికి, చీరలు కట్టి, డోలీ చేసి రోడ్డు దాకా మోశారు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారు డి.ఎఫ్.ఓ. గారు.

"ఆ గుంజలు ఎక్కడివో నాకు తెలీదండి. అప్పుడు నేను స్పృహలో లేను. ఇందాక మొదళ్లు చూశాకే అనుమానమొచ్చింది."

డి.ఎఫ్.ఓ. గారు ఆపుకోలేక నవ్వేశారు. నాగేశ్వరరావు తప్ప అందరూ నవ్వారు. కాసేపటికి అతనూ నవ్వాడు.

అప్పుడు నేను అసలు లెక్క చూపించాను. ఛాతీ ఎత్తులో ప్రతి చెట్టునీ అడ్డంగా కోస్తే కనిపించే గుండ్రటి ముఖాల వైశాల్యమంతా కలిపితే, అడవిలో చెక్క ఎంతుందో ఒక అంచనా వస్తుంది. పదిహేడేళ్ల కిందటి రెండు వందల పన్నెండు చెట్లకి వచ్చిన దానికంటే, ఇప్పటి నూట ముప్పై ఒక్క చెట్లకి మూడింతలు పైగా వచ్చింది. ఫోన్‌లో రెండుసార్లు లెక్క వేసినా అంతే. గుబురుగా పుట్టిన మొక్కలు ఎదిగేకొద్దీ ఒక్కోదానికీ నీళ్లూ వెలుతురూ ఎక్కువ కావాలి. బలమున్నవి పైకి పోతాయి, వాటి నీడలో పడ్డవి ఎండిపోతాయి. ఎవరూ గొడ్డలి పట్టుకోకపోయినా సంఖ్య తగ్గుతుంది, నిలిచినవి లావెక్కుతాయి. సామ్రాజ్యానికి ఇదంతా చెబుతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది.

"నారుమడిలో ఉన్నన్ని మొక్కలు కోతల దాకా అక్కడే ఉంటాయా మేడం గారూ? పీకి దూరంగా నాటకపోతే సగం అవే చస్తాయి. ఈ ముక్క నన్నడిగితే నేనే చెప్పేదాన్ని."

డి.ఎఫ్.ఓ. గారు ఫైలు తిరగేస్తూ ఒకచోట ఆగారు. "మరి సమితి ఒప్పందంలో ఈ షరతేంటి? 'నమూనా స్థలంలో చెట్ల సంఖ్య ఏటా పెరగవలెను, తగ్గినచో నష్టముగా భావించవలెను.' దీన్ని పట్టుకునేగా తనిఖీవాళ్లు రాసింది! ఎవరు రాశారండీ ఇది?"

కింద సంతకం నాదే. రాసిన సంగతి కూడా నాకు గుర్తు లేదు. అప్పట్లో ఆ బోడి కొండకి ఒక్క చెట్టు చేరినా గొప్పేననుకుని, పదిహేడేళ్ల తర్వాత ఏమవుతుందో ఆలోచించకుండా రాసేశాను.

"నేనేనండి," అన్నాను.

ఆయన ఫైలు మూశారు. సామ్రాజ్యం మాత్రం ఊరుకోలేదు. "అయితే దొంగ దొరికింది," అంది. మూడు రోజుల్లో ఆమె మనసారా నవ్వడం అప్పుడే చూశాను. నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా హాయి అనిపించింది. నా తప్పు బయటపడటం వల్ల ఇంతమంది తేలికపడటం నా ఉద్యోగంలో అదొక్కసారే.

నివేదిక ఆ వారంలోనే పంపాను. ఆచూకీ దొరకని నాలుగు చెట్ల గురించీ, డోలీకి నరికిన మూడింటి గురించీ దాచకుండా రాశాను. సమితి రద్దు ప్రతిపాదన ఉపసంహరించారు. షరతు మార్చారు. చెట్ల సంఖ్యతో పాటు లావు కూడా కొలవాలనీ, లేని ప్రతి చెట్టుకీ కారణం రాయాలనీ కొలతల ఫారంలో ఒక గడి చేర్చారు. ఆ ఏడాది సీతాఫలాల కాలంలో సామ్రాజ్యం రెండు గంపలు ఆఫీసుకి పట్టుకొచ్చింది. విచారణ ముగిసింది కాబట్టి తీసుకున్నాం. సింహభాగం నాగేశ్వరరావు తిన్నాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చెబుతాను. చెట్ల సంఖ్య ఒక్కటే చూసి అడవి బాగుందనీ చెప్పలేం, పాడైందనీ చెప్పలేం. అడవి వయసుని బట్టి ఎన్ని చెట్లు పడతాయన్నది మారుతూ పోతుంది. లేత అడవికి పెట్టిన కొలమానం ముదిరిన అడవికి పనికిరాదు. లేని చెట్టు ఎలా పోయిందో తెలియాలంటే అక్కడికి వెళ్లి, వంగి, ఆకు తీసి చూడాలి. ఆ ఒక్క చదరానికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ, ఆ పని జరగకుండా వచ్చిన ఏ నివేదిక మీదా నేను సంతకం పెట్టలేదు.