ఉప్పు జాడీకి యాదమ్మ ముక్కు

అది 2011. ఎల్బీనగర్‌లో మా ఇంటి కింది గదిలో మట్టితో బొమ్మల్లాంటి వంటింటి జాడీలు చేసి అమ్ముతుండేదాన్ని. గుడ్లకు కోడిపెట్ట, చింతపండుకు బొజ్జ పోలీసు, చక్కెరకు బద్ధకపు పిల్లి. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. బందులు, కరెంటు కోతలు. నా కిల్న్, అంటే మట్టిని కాల్చే కరెంటు కొలిమి, చాలా రోజులు చల్లగా పడి ఉండేది. నాకు చిరాకు, మా ఆయనకు బిల్లు తగ్గిందని సంబరం.

ఒక మధ్యాహ్నం సావిత్రిగారు వచ్చారు. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురం. "ఉప్పు జాడీ కావాలండీ. మా పక్కింటి యాదమ్మలా ఉండాలి" అన్నారు.

ఫోటో అడిగితే లేదన్నారు. రెండిళ్లకూ మధ్య ఒక పిట్టగోడ. నల్లగొండ నుంచి వచ్చిన యాదమ్మా, ఈవిడా ఏటా కలిసే ఆవకాయ పెట్టేవాళ్లట. ఈమధ్య టీవీ వార్తలు చూస్తూ రాష్ట్రం గురించి మాటా మాటా అనుకున్నారు. ఆ రోజు నుంచి పలకరింపుల్లేవు.

"వాదించుకోవడం మాకు కొత్త కాదండీ. కానీ ఆ పొద్దున తొందరలో ఉప్పు ఆవిడ చేతిలో పోశాను. ఉప్పు చేతికిస్తే గొడవలొస్తాయని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేది" అని కళ్లు తుడుచుకున్నారు. "జాడీ గోడ మీద పెడతాను. కావలసినప్పుడు తనే తీసుకుంటుంది."

"తన బొమ్మ చూసి కోపమొస్తే?"

"రానివ్వండి. తిట్టడానికైనా గోడ దగ్గరికొస్తుంది కదా! ఆవిడ మాట వినబడకపోతే నాకు పెరట్లోకి వెళ్లబుద్ధి కావట్లేదు."

నాకు జాలేసింది. ఆవిడ చెబుతుంటే చేసుకుంటూ పోయాను. గుండ్రటి ముఖం, నడుం మీద చేతులు, బండ ముక్కు. కొప్పే మూత. మూతను విడిగా కాలిస్తే తర్వాత సరిగ్గా కూర్చోదు, దాని జాడీ మీదే పెట్టి కాల్చాలి. అడుగున ఎప్పటిలాగే నా చిరునామా చెక్కి, కరెంటు దయతలచిన రోజు కాల్చి ఇచ్చాను.

కొన్నాళ్లకు ఒకావిడ ఆ జాడీ చంకనపెట్టుకుని గుమ్మంలో నిలబడింది. ముక్కు చూడగానే ఎవరో తెలిసిపోయింది.

"గిది నువ్వే చేసినవా? నా ముక్కు గింత ఉంటదా?"

ఆమె జాడీని బల్ల మీద పెట్టి, దాని ముఖం కొంగుతో తుడిచింది. "సరే తీయ్. గిసొంటిదే ఇంకోటి చెయ్యి, సావిత్రమ్మ లెక్క. కారానికి. కారం గూడ చేతికియ్యొద్దంటరు."

"మాట్లాడుకున్నారా మరి?"

"ఇంకా లే. గా జాడీ గోడ మీద పెట్టినంక మాట్లాడుత."

"ఆవిడ ఫోటో ఉందా?"

"ఫోటో ఎందుకు? నేను చెప్త. కండ్లద్దాలు ముక్కు మీదికి జారుతయి. కుడి కన్ను జర చిన్నగుంటది, నవ్వితే అసలే కనవడది." ఆమె గొంతు తగ్గింది. "గీ నడుమ ఆమె నవ్వంగ చూడలే. నవ్వేటట్టే చెయ్యమ్మా."

మరుసటి మామిడికాయల కాలంలో ఇద్దరూ కలిసి నాకు ఆవకాయ తెచ్చారు. ఉప్పెక్కువైందని ఒకరు, కారమెక్కువైందని ఇంకొకరు నా ఎదుటే వాదులాడుకుంటుంటే నాకు కడుపు నిండిపోయింది.

అప్పటి నుంచి మనిషి బొమ్మ కావాలని వచ్చినవాళ్లను నేను ఫోటో అడగను. చెప్పమంటాను. చెప్పలేనివాళ్లకు పిల్లి జాడీ ఇచ్చి పంపుతాను.