ఊబిలో తర్కం

నా చిన్నప్పుడు మా ఇంట్లో భయపడాలన్నా కారణం చెప్పాలి. మా పెదనాయన నెల్లూరు కాలేజీలో తర్కం, తత్వం పాఠాలు చెప్పేవారు. బల్లిని చూసి నేను అరిస్తే దగ్గర కూర్చోబెట్టుకుని, అది నన్ను ఏం చేస్తుందో చెప్పమనేవారు. మాటల్లో ఓడిపోయేదాన్నే గానీ, బల్లి కాస్త కదిలితే మళ్లీ ఒళ్లు జలదరించేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆయన నన్ను దొరవారిసత్రం అవతల ఉప్పుటేరు గట్టుకు తీసుకువెళ్లారు. ఆటుకు నీళ్లు వెనక్కి పోయి నల్లటి బురద బయటపడి ఉంది. ఎర్రటి ఎండ్రకాయ ఒకటి పరుగెడుతుంటే దాని వెంట పడ్డాను. పెదనాయన పిలిచేలోపే మోకాళ్లదాకా దిగబడిపోయాను. ఒక కాలు లాగితే రెండోది ఇంకా లోపలికి పోయింది. ఆయన నా వైపు అడుగేస్తే ఆయన కాలూ దిగబడింది. ఎలాగో దాన్ని లాక్కుని గట్టెక్కి, మనుషుల కోసం కేకలు వేశారు. ఎవరూ పలకలేదు. అప్పటికే పోటు మొదలై, నీళ్లు పలచగా నా వైపు పాకుతున్నాయి.

"కాళ్లు లాగబాకమ్మా! వెల్లకిలా పడుకో. నిలబడితే బరువంతా పాదాల మీదే పడతాది. పడుకుంటే ఒళ్లంతా పరుచుకుంటాది, బురద మోస్తాది."

క్లాసులో చెప్పినట్టే, ఒకదాని తర్వాత ఒకటి చెప్పారు. నాకు అంతా అర్థమైంది. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం అదే. అర్థమైనా ఒళ్లు వినలేదు. నీళ్లొస్తుంటే నడుం వాల్చడమా? ఇంకా గింజుకున్నాను. తొడలదాకా, ఆపైన నడుందాకా పోయాను.

"నా మాట విను తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా" అని ఆయన ఏడుస్తున్నారు. వాదనలో ఎవరికీ ఓడని మనిషి చేతులు జోడించడం చూసి, ఇక చచ్చిపోతాననుకున్నాను.

ఉన్నట్టుండి ఆయన తెల్లచొక్కా, కళ్లజోడుతో సహా బురదలో బోర్లా పడి, పొట్ట మీద పాకుతూ వచ్చారు. నా పక్కనే వెల్లకిలా తిరిగి చెయ్యి పట్టుకున్నారు. నీళ్లు ఆయన చెవులను తాకుతున్నాయి. అయినా ఆయన మునగలేదు. నేను మెల్లగా ఆయన పక్కకు వాలాను.

కాళ్లు అంత తేలిగ్గా ఊడిరాలేదు. కొంచెం కొంచెంగా కదిలించమని ఆయన నా వేళ్లు నొక్కుతూనే ఉన్నారు. నోట్లోకి ఉప్పునీళ్లు వచ్చాయి. చివరికి బురద వదిలింది. అలాగే పడుకుని, జరుగుతూ జరుగుతూ గట్టు చేరాం.

గట్టు మీద ఆయన వాంతి చేసుకున్నారు. తర్వాత నన్ను పొదివి పట్టుకుని, "నేను చెప్పింది నిజమేనమ్మా. కానీ పడుకునేదాకా నాకే నమ్మకం కుదరలా" అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. కారణం మీద నాకు గౌరవం పోలేదు. ఆ రోజు నన్ను బతికించింది ఆయన చెప్పిన కారణమే. కాకపోతే అది నా దాకా రావడానికి ఒక మనిషి బురదలో పడుకోవాల్సి వచ్చింది. మొన్న మా ఆయన గుండె ఆపరేషన్‌కి ఒప్పుకోక గోడ వైపు తిరిగి పడుకున్నప్పుడు, డాక్టరు చెప్పినవన్నీ నా నాలుక చివరే ఉన్నాయి. ముందు మంచమెక్కి ఆయన పక్కన పడుకున్నాను.